అంగడి లెక్కలకు డేటాబేస్: కొన్ని సందేహములు

(విరుదునగరమున మన సంఘ సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



నేను పదవ తరగతితో చదువు ముగించినవాడను. కంప్యూటరు పండితుడను కాను. కోవిల్‌పట్టిలో పప్పుదినుసుల వ్యాపారము చేయుచు, మైక్రోసాఫ్ట్ యాక్సెస్ అను డేటాబేస్‌ను వాడుచున్నాను. నన్ను తరచుగా అడుగు ప్రశ్నలకు తెలిసినంత చెప్పెదను.

"ఎక్సెల్ ఉండగా ఇది యెందుకు?" అందురు. నా తప్పునే చెప్పెదను. మా ఎక్సెల్ పట్టీలలో ఒక వృద్ధురాలి పేరు మూడు విధములుగా నుండెను: ఒకచోట తమిళములో, ఒకచోట తెలుగు ఇంటిపేరుతో, మరియొకచోట ఇంగ్లీషు పొడి అక్షరములతో. ఆమె చెల్లించిన సొమ్ము ఒక పేరున జమయై, బాకీ మరియొక పేరున నిలిచినది. తీరిన అప్పును మరల అడిగితిమి. ఆమె రశీదు చూపి, "మీ తాతగారి నాట ఇట్లు జరుగలేదు, నాయనా" అనెను. సిగ్గుతో తలవంచి క్షమాపణ చెప్పుకొంటిని.

యాక్సెస్‌లో ఖాతాదారుల పట్టిక వేరు, అమ్మకముల పట్టిక వేరు. ప్రతి ఖాతాదారునకు ఒక సంఖ్య యుండును. పేరు ఒక్కచోటనే వ్రాయుదుము. అమ్మకము, జమ ఆ సంఖ్యతో ముడిపడును. ఒకే ఫోను నంబరు రెండవమారు చేరకుండ కట్టడి కూడ చేయవచ్చును.

"తెలుగులో వ్రాయవచ్చునా?" వ్రాయవచ్చును. యాక్సెస్ 2000 మొదలుకొని యూనికోడ్ అక్షరములు అందు నిలుచును. తెలుగు, తమిళము, ఇంగ్లీషులకు మూడు గడులు పెట్టుకొనుడు. ఇంట తెలుగు మాటలాడియు చదువనేరని మన పిల్లలు తమ ఇంటిపేరునైనను మన లిపిలో చూతురు.

"ఇద్దరు గుమాస్తాలు ఒకేసారి పనిచేయవచ్చునా?" చేయవచ్చును. పట్టికల ఫైలును ఒక కంప్యూటరులో ఉంచి, పద్దు వ్రాయు ఫారములను ఎవరి కంప్యూటరులో వారికి ఉంచవలెను. కంప్యూటర్లను వైరుతో కలుపుట మేలు. ఫైలు పరిమితి 2 గిగాబైట్లు. ఫొటోలు నింపకున్నచో చిన్న అంగడికి అది చాలును.

"చెడిపోయినచో?" అంగడి కట్టువేళ అందరును ఫైలు మూసిన పిదప నకలు తీయుడు. ఒక నకలు ఇంట నుంచుడు. అది తెరుచుకొనుచున్నదో లేదో అప్పుడప్పుడు చూడుడు. పాస్‌వర్డును, పట్టికల అమరికను కాగితముపై వ్రాసి భద్రపరచుడు. తయారుచేసిన కుర్రవాడు వేరొక ఊరికి పోయినను మన పని నిలువరాదు.

యంత్రము కూడికలు చేయును. పేరు సరిగా వ్రాయవలసినవారము మనమే. నేర్వదలచినవారు ఏ ఆదివారమైనను మా అంగడికి రండు, కూర్చుండబెట్టి చూపెదను. సెలవు.