ఆయాసమునకు కారణము – పరీక్షలు చెప్పు సాక్ష్యము

(ఉపన్యాస పాఠము)



చందర్లపాడు ప్రాంతమున పత్తి తీయు దినములలోను, మిరపకాయలు కల్లములలో ఎండు దినములలోను దగ్గు వినబడని వీధి అరుదు. కొందరికి ఆ దగ్గు పనితోనే ముగియును. కొందరికి మాత్రము తెల్లవారుజామున రొమ్ము బిగిసి, పిల్లికూతలు పుట్టి, కూర్చున్నచోటనే తెల్లవారును. అట్టివానిని చూచి ఒకరు ఉబ్బసమందురు. మరియొకరు క్షయ యందురు. క్షయ యను మాట పుట్టినంతనే ఇంటిలో కంచము వేరగును. పిల్ల పెండ్లి మాటలు ఆగిపోవును. కావున ఆయాసమునకు సరియైన పేరు పెట్టుట చిన్న విషయము కాదు.

ఈ చిక్కును విప్పిన చరిత్రలో ఒక ముఖ్యఘట్టము ఆంధ్రదేశముననే జరిగినది. మదనపల్లె చేరువనున్న ఆరోగ్యవరము క్షయ చికిత్సాలయమునకు వచ్చువారిలో కొందరికి క్షయను పోలిన లక్షణములుండియు అది క్షయ కాకుండెను. వారి రక్తమున ఇయోసినోఫిల్ అను తెల్లకణములు మితిమీరి యుండెను. అచటి వైద్యులు ఫ్రిమోట్ మొల్లర్, బార్టన్ అనువారు 1940లో ఈ సంగతిని ప్రకటించిరి. 1943లో వైన్‌గార్టెన్ అను వైద్యుడు దీనికి ఉష్ణమండలపు ఇయోసినోఫీలియా యని పేరిడెను. బోదకాలును కలిగించు సూక్ష్మక్రిములకు శరీరము చూపు తీవ్రమైన ప్రతిక్రియయే దీనికి మూలమని తరువాత తేలినది.

దీని మందు కథయు తెలుగువారికి గర్వకారణమే. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి నాయకత్వమున అమెరికాలోని లెడర్లే ప్రయోగశాల హెట్రజాన్ అను మందును 1947లో వెలువరించెను. బోదకాలు క్రిములకై పుట్టిన ఆ మందే ఈ ఆయాసమునకును పనిచేయును. ఉబ్బసమని యెంచి యేండ్ల తరబడి వేరు మందులు మ్రింగినచో ఇది తగ్గదు. ఊపిరితిత్తులు శాశ్వతముగా దెబ్బతినవచ్చును. అసలు వ్యాధి తెలిసినచో వైద్యుడిచ్చు కొన్ని వారముల మందుతో చాలమందికి గుణము కనిపించును.

ఇయోసినోఫిల్ కణములను ఎర్రని ఇయోసిన్ రంగుతో గుర్తించి, 1879లో పాల్ ఎర్లిక్ అను జర్మను వైద్యుడు వర్ణించెను. ఆరోగ్యవంతుని రక్తమున ఘన మిల్లీమీటరునకు ఇవి సాధారణముగా 500కు లోబడి యుండును. ఎలర్జీ గలవారిలోను, కడుపులో పురుగులున్నవారిలోను కొంత పెరుగును. పైన చెప్పిన ఇయోసినోఫీలియాలో 3000 దాటును. కావున ఈ లెక్క ఒక్కటే తీర్పు కాదు, సాక్ష్యములలో నొకటి. స్టెరాయిడు బిళ్ళలు మ్రింగినవారిలో ఈ లెక్క తగ్గిపోవును గనుక ముందే ఏ మందులు వాడినదియు వైద్యునికి దాచక చెప్పవలెను.

రెండవ సాక్ష్యము ఐజీఈ యను పదార్థము. 1960 దశకము చివర శాస్త్రజ్ఞులు దీనిని కనుగొనిరి. వయ్యారిభామ పుప్పొడి, ఇంటిదుమ్ములోని సూక్ష్మజీవులు, బూజు మొదలైనవాటిలో దేనికి శరీరము ఎదురుతిరుగుచున్నదో రక్తమున దానికి సంబంధించిన ఐజీఈని కొలిచి తెలిసికొందురు. చర్మపరీక్ష మరియొక మార్గము. ముంజేతిపై ఆయా పదార్థముల చుక్కలు పెట్టి సూదితో పైపైన గుచ్చినచో, 15 మొదలు 20 నిమిషములలో దోమకాటువంటి దద్దురు లేచును. దీనికి కొన్ని దినములు ముందుగా ఎలర్జీ బిళ్ళలు మానవలసి యుండును. అదియు వైద్యుని సలహాపైననే.

ఇచట ఒక హెచ్చరిక. దద్దురు లేచినంత మాత్రమున అదియే వ్యాధికారణమని చెప్పరాదు. ఆ పదార్థము తగిలినపుడు నిజముగా ఆయాసము వచ్చుచున్నదా యని చూడవలెను. మిరపఘాటుకు వచ్చు దగ్గు సాధారణముగా ఎలర్జీ కాదు. అది రేగుడు మాత్రమే. ఏ రక్తపరీక్షయు దానిని చూపదు; నోటికి గుడ్డ కట్టుకొనుట, గాలికి ఎదురు నిలువకుండుట మేలు.

ఉబ్బసమును నిర్ణయించుటకు రక్తముకంటె ఊపిరి ముఖ్యసాక్షి. యంత్రములో ఊది, పీల్చుమందు తీసికొని, మరల ఊదినపుడు గాలి వేగము బాగుగా పెరిగినచో అది ఉబ్బసమనుటకు బలమైన ఆధారము. ఇంటిలో వాడుకొను చిన్న ఊదుడుగొట్టమును రైట్ అను ఆంగ్ల వైద్యుడు 1978లో ప్రచురించెను. ఉదయ సాయంకాలములు ఊది అంకెను వ్రాసికొన్నచో, ఆయాసము ముదురకముందే అది హెచ్చరించును.

రెండు వారములు మించిన దగ్గుకు ముందుగా ప్రభుత్వ వైద్యశాలలో కళ్ళె పరీక్ష చేయించవలెను. పిదప రక్తము, ఊపిరి. ఏ కాగితమును పారవేయక తేదీల వరుసను కట్టి యుంచినచో, చేసిన పరీక్షనే మరల చేయించు ఖర్చు తప్పును. చదువు నేర్చిన పిల్లలు పెద్దల అంకెలను పుస్తకమున వ్రాసిపెట్టినచో, ఈ గ్రంథాలయము నేర్పిన అక్షరము ఇంటిలో ఒక ప్రాణమునకు కావలి కాయును.