జముకు, టైపు మిషను, మన పింఛను

(పలాసలో జరిగిన మన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బకాయిల సంగతి కార్యదర్శిగారు చెప్పేశారు కనుక నాకు ఆ శ్రమ తప్పింది. నాకిచ్చిన అంశం "నిర్బంధ పాలనలో స్వతంత్ర రచయిత". ఇది ఆచార్యులు మాట్లాడవలసిన విషయం. నేను 1972లో టైపిస్టుగా చేరి, 2008లో సూపరింటెండెంటుగా దిగినవాణ్ణి. అయితే రాసినవాడి చేతికీ, చదివేవాడి కంటికీ మధ్య ఒక పని ఉంటుంది. అది నకళ్లు తీసే పని. నా వృత్తే అది. కనుక ఆ వైపు నుంచే మాట్లాడతాను.

ముందుగా మనవాడి పేరు తలచుకుందాం. గరిమెళ్ల సత్యనారాయణగారు 1893లో నరసన్నపేట దగ్గర గోనెపాడులో పుట్టారు. ఆయన గంజాం కలెక్టరాఫీసులో గుమాస్తాగా పనిచేశారన్న సంగతి మనలో చాలామందికి తెలియదు. అప్పట్లో మన టెక్కలి ప్రాంతం కూడా గంజాం జిల్లాలోనే ఉండేది. గుమాస్తా ఉద్యోగం, విజయనగరంలో బడిపంతులు ఉద్యోగం వదిలి ఉద్యమంలోకి వెళ్లారు. తెల్లదొరతనం మీద ఆయన కట్టిన పాట ఆంధ్రదేశమంతా మోగింది. 1922లో ఆ పాటకే జైలు వేశారు. బయటికి వచ్చాక మళ్లీ పాడితే మళ్లీ వేశారు. పాటను అచ్చులో నిషేధించవచ్చు గాని రచ్చబండ మీద కూర్చున్నవాడి గొంతులోంచి ఎలా తీస్తారు? స్వరాజ్యం వచ్చాక ఆయన మద్రాసులో దారిద్ర్యంలోనే 1952 డిసెంబరులో పోయారు. దొరల ప్రభుత్వం ఆయన్ని గుర్తుపెట్టుకున్నంత బాగా మన ప్రభుత్వం గుర్తుపెట్టుకోలేదని నా అభిప్రాయం.

ఇక మన ఉద్దానం సంగతి. పలాస మండలం బొడ్డపాడు ఇక్కడికి ఎంత దూరమో మీకు నేను చెప్పనక్కరలేదు. ఆ ఊరి గుడిలో సుబ్బారావు పాణిగ్రాహి అర్చకత్వం చేసేవారు. మాతృభాష ఒడియా, రాసింది తెలుగులో. అంతకంటే ముఖ్యంగా, ఆయన ఎంచుకున్నది జముకుల కథ. జముకు అంటే తెలియని పిల్లలు ఇప్పుడు మన ఇళ్లలోనే ఉన్నారు కనుక చెబుతాను. గుండ్రటి బుర్రకు ఒక పక్క తోలు బిగించి, దాని మధ్యనుంచి నరం లాగి, దాన్ని బిగించి వదులుతూ మీటుతారు. ఒకరు కథ చెబుతుంటే పక్కవాళ్లు వంతపాడతారు. రాత్రంతా అమ్మవార్ల కథలు చెప్పుకునే ఆ వాద్యం మీద ఆయన కూలి రేట్లు, వడ్డీలు, భూమి తగాదాలు పాడించారు. నేను విన్నది ఆయన నోట కాదు, ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్ల నోట. అప్పుడు టెక్కలిలో చదువుకుంటున్నాను. కొబ్బరితోటలో పెట్రోమాక్సు దీపం కింద జనం కూర్చుని ఉన్నారు. చదువురాని ముసలమ్మ ఒకావిడ మరుసటి పాదం ముందే అందిస్తోంది. మా తెలుగు మాస్టారు ఆరునెలలు బెత్తం పట్టుకుని చెప్పినా మాకు ఒక పద్యం కంఠతా వచ్చేది కాదు.

1968 నవంబరులో గరుడభద్రలో మొదలైన ఘర్షణ పోరాటమైంది. పాణిగ్రాహి కేవలం కవిగా మిగలలేదు, ఆయుధం పట్టినవారితో వెళ్లారు. ఆ మాట దాచడం మర్యాద కాదు. అటు భూస్వాములు చనిపోయారు, ఇటు యువకులు చనిపోయారు. ఆ దారి మంచిచెడ్డల మీద ఈ హాలులోనే నాలుగు అభిప్రాయాలున్నాయి, ఉండనివ్వండి. 1969 డిసెంబరు 22న పాణిగ్రాహి, పంచాది నిర్మల, మరికొందరు రంగమటియా కొండల్లో చనిపోయారు. పోలీసులు ఎదురుకాల్పులన్నారు. పట్టుకుని కాల్చారని ఉద్యమంవారు అన్నారు. నేను చెప్పదలచుకున్నది దాని తరువాతి సంగతి. ఆయన పోయాక కూడా ఆ కథలు పోలేదు. అయితే ఊళ్లలో వాటిని గట్టిగా పాడటం మానేశారు. ఇంట్లో నోట్‌బుక్కు ఉంటే పొయ్యిలో పెట్టారు. రాతను కాపాడింది జ్ఞాపకం ఒక్కటే.

ఆ మరణం తెలుగు రచయితల్ని కుదిపింది. 1970 ఫిబ్రవరిలో విశాఖలో శ్రీశ్రీగారి షష్టిపూర్తి జరుగుతుంటే, మీరు ఎటువైపో తేల్చుకోమని విద్యార్థులు కరపత్రం పంచారు. ఆ జూలై 4న విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. 1971లో జ్వాలాముఖి, నిఖిలేశ్వర్, చెరబండరాజులను ముందస్తు నిర్బంధ చట్టం కింద పట్టుకున్నారు. చెరబండరాజు బడిపంతులు. ఆయన ఉద్యోగానికి కూడా ఎసరొచ్చింది. 1974లో సికింద్రాబాదు కుట్రకేసులో ఆయనతో కలిపి ఆరుగురు రచయితలను చేర్చారు. కవిత్వమే నేరానికి సాక్ష్యం. ఆ కేసు 1989లో కొట్టివేశారు. పదిహేనేళ్లు! చెరబండరాజు అప్పటికి ఏడేళ్ల క్రితమే, 1982లో, మెదడులో కణితితో పోయారు. మనలాంటి జీతగాళ్లకు ఇక్కడ గమనించవలసింది ఉంది. శిక్ష పడనక్కరలేదు. వాయిదాలు తిరగడమే శిక్ష.

1975 జూన్ 25 రాత్రి అత్యవసర పరిస్థితి వచ్చింది. జూన్ 28న ఇండియన్ ఎక్స్‌ప్రెస్ సంపాదకీయం చోటు ఖాళీగా వదిలి అచ్చు వేసింది. మీసా, భారత రక్షణ నిబంధనల కింద నిర్బంధించినవారు మొత్తం 1,10,806 మంది అని తరువాత షా కమిషన్ లెక్క తేల్చింది. 1976 ఏప్రిల్‌లో, నిర్బంధితుడికి కోర్టు తలుపు తట్టే హక్కు కూడా లేదని సుప్రీంకోర్టు నలుగురు న్యాయమూర్తులు అన్నారు. హెచ్.ఆర్. ఖన్నాగారు ఒక్కరే కాదన్నారు. దానికి ఆయన ప్రధాన న్యాయమూర్తి పదవి పోగొట్టుకున్నారు.

ఈ పెద్ద సంగతులు పుస్తకాల్లో ఉన్నాయి. టైపిస్టు బల్ల దగ్గర ఎలా ఉండేదో పుస్తకాల్లో ఉండదు. నేనున్న ఆఫీసు పేరు ఇప్పుడు అనవసరం. స్టెన్సిలు కాగితాలు లెక్కపెట్టి ఇచ్చేవారు. సాయంత్రం చెడిపోయినవి కూడా లెక్కచూపి అధికారి ఎదుట తగలబెట్టాలి. సైక్లోస్టైలు మిషనుకు తాళం. వాడిన కార్బను కాగితం చించకూడదు, దాన్నీ అప్పగించాలి, ఎందుకంటే వెలుతురుకు పట్టుకుంటే దాని మీద అక్షరాలు కనిపిస్తాయి. ఎవరూ ఏమీ రాయకుండానే అందరం భయపడ్డాం. ఒక తోటి గుమాస్తా పత్రికలకు కథలు పంపేవాడు, వ్యవసాయం మీద, ప్రేమ మీద. ఎవరూ అడగకుండానే మానేశాడు. తరువాత మళ్లీ మొదలుపెట్టలేదు. సెన్సారు కొట్టేసిన వాక్యాలకు లెక్క ఉంటుంది గాని, ఇలా రాయకుండా ఆగిపోయినవాటికి ఏ కమిషనూ లెక్క తీయలేదు.

ఇది మన దగ్గరే జరిగిందనుకోకండి. సోవియట్ రష్యాలో అచ్చుకు నోచుకోని రాతలను పల్చటి కాగితాలు, కార్బన్లు దొంతరగా పెట్టి టైపు కొట్టేవారు. అందుకున్నవాడు మరికొన్ని ప్రతులు కొట్టి ముందుకు పంపాలి. 1968లో అలా మొదలైన ఒక వార్తాపత్రికకు మొదటి సంపాదకురాలు నతాల్య గర్బనేవ్‌స్కయా అనే కవయిత్రి. ఆమెను పిచ్చాసుపత్రిలో పెట్టారు. అన్నా అఖ్మతోవా ఒక దీర్ఘకవితను కాగితం మీద ఉంచడానికి భయపడి స్నేహితురాళ్లకు కంఠతా పట్టించింది. మన కొబ్బరితోటలో ముసలమ్మ చేసిన పనే అది. రుమేనియాలో అయితే 1983లో, టైపు మిషను ఉన్నవాడు పోలీసుల దగ్గర అనుమతి తీసుకోవాలని, అక్షరాల నమూనా అప్పగించాలని శాసనం చేశారు. ఎందుకో ఇక్కడున్న టైపిస్టులకు తెలుసు. ఏ రెండు మిషన్లూ ఒకేలా కొట్టవు. నా రెమింగ్టన్‌లో "ణ" ఎప్పుడూ వెంట్రుకవాసి పైకి ఉండేది.

ఇప్పుడు టైపు మిషను లేదు. సొంతంగా బ్లాగు పెట్టుకుని రాసేవాడికి యజమాని లేడు, సంపాదకుడు లేడు, వెనక నిలిచే సంస్థ కూడా లేదు. సౌదీ అరేబియాలో రైఫ్ బదావీ అనే కుర్రాడికి బ్లాగు రాతలకు 2014లో పదేళ్ల జైలు, వెయ్యి కొరడా దెబ్బలు వేశారు. 2015 జనవరిలో యాభై దెబ్బలు కొట్టారు కూడా. మన దేశంలో ఫేస్‌బుక్ రాతలకు జైలుకు పంపిన 66-ఎ సెక్షన్‌ను 2015 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది. 1870 నాటి రాజద్రోహం సెక్షన్‌ను 2022 మేలో నిలిపివేసింది. 2024 జూలై నుంచి అమలైన కొత్త న్యాయసంహితలో 152వ సెక్షన్ చూడండి. పేరు మారింది, పరిధి తగ్గిందని నాకు తోచదు.

ఇదంతా ఎందుకు చెప్పానంటే, మన ప్రత్యేక సంచికకు 1968 నుంచి 1977 దాకా మీరు చూసింది రాయమని పోయినసారి కోరాం. ఇద్దరే రాశారు. మిగతావాళ్లు చెప్పిన కారణం ఒకటే: "ఈ వయసులో పింఛనుకు ముప్పు ఎందుకు తెచ్చుకోవడం?" ఆ భయాన్ని నేను ఎగతాళి చేయను. సర్వీసులో ఉండగా 1964 నాటి ప్రవర్తన నియమావళి మన చేతులు కట్టేసింది. 1980 పింఛను నిబంధనల్లో భవిష్యత్ సత్ప్రవర్తన షరతు ఉన్నమాట కూడా నిజం. కాని దాన్ని పూర్తిగా చదవండి. తీవ్రమైన నేరానికి శిక్ష పడటం, లేదా తీవ్రమైన దుష్ప్రవర్తన రుజువు కావడం ఉండాలి. ఊళ్లో విన్న జముకుల కథ రాసుకోవడం ఆ రెంటిలో ఏదీ కాదు. నిఘా సంస్థల్లో పనిచేసినవారికి మాత్రం 2021లో కేంద్రం ఆంక్ష పెట్టింది. మనం రెవెన్యూ, విద్యాశాఖ, పంచాయతీరాజ్ వాళ్లం. మన దగ్గర దేశరహస్యాలు ఏమున్నాయి, పన్నుబకాయి పట్టీలు తప్ప!

రాయకపోతే ఏమవుతుందో 2018 అక్టోబరు 11న చూశాం. తిత్లీ తుపాను కొబ్బరి, జీడి తోటలతోపాటు ఇళ్ల కప్పులూ తీసుకుపోయింది. ఆ నీళ్లలో నానిపోయిన ట్రంకుపెట్టెల్లో ఎన్ని నోట్‌బుక్కులున్నాయో. నాది ఒకటి, పుట్టలు పుట్టలుగా అతుక్కుపోయింది. మనుషుల సంగతీ అంతే. కిడ్నీ జబ్బుతో ఉద్దానంలో ఎందరు పెద్దవాళ్లు వెళ్లిపోయారో మీ వీధిలో మీరే లెక్కపెట్టుకోగలరు. ఆ పాదం ముందుగా అందించిన ముసలమ్మ ఎవరో కనుక్కుందామని రెండేళ్ల క్రితం వెళ్లాను. ఇల్లు కూడా లేదు.

కనుక చిన్న ఏర్పాటు. రాయలేనివారు చెప్పండి, మన సంఘం కుర్రాళ్లు ఫోనులో రికార్డు చేస్తారు. పేరు వద్దంటే పేరు వేయము. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో శ్రీకాకుళంలో కథానిలయం పెట్టి, పాత పత్రికలను ఇంటింటికీ తిరిగి పోగుచేశారు. ఆయనా పింఛను మాస్టారే. మన పని అంత పెద్దది కాదు. మూడు ప్రతులు చేస్తాం. ఒకటి సంఘం బీరువాలో, ఒకటి శ్రీకాకుళంలో, ఒకటి చెప్పినవారి పిల్లల దగ్గర. బొడ్డపాడు, గరుడభద్ర వైపు వెళ్లేవారు పేర్లు ఇవ్వండి. భోజనాలయ్యాక వెనక వరుసలో రిజిస్టరు పెట్టుకుని నేను కూర్చుంటాను.