పేరు పెట్టే ముందు గల్లీలోకి పిలిచి చూడండి

(బడంగ్‌పేట్‌లో జరిగిన సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగం)



విద్య గురించి మాట్లాడమన్నారు. హాస్టల్ వార్డెన్లం కాబట్టి చదువుకోండి, ఫోన్లు పక్కన పెట్టండి అని చెప్తామని అనుకుని ఉంటారు. అది రోజూ చెప్తూనే ఉన్నాం. ఈ రోజు పేర్ల గురించి మాట్లాడతాం. మా దగ్గర చదువుకుని వెళ్లిన ఆడపిల్లలు ఇప్పుడు తల్లులవుతున్నారు. అల్మాస్‌గూడ, నాదర్‌గుల్, మీర్‌పేట వైపు కాపురం ఉంటున్నవాళ్లు ఫోన్ చేసి, "మేడమ్, బిడ్డకు ఏం పేరు పెట్టమంటారు?" అని అడుగుతారు. వెనకనే అసలు సంగతి బయటికొస్తుంది. "అత్తమ్మ వాళ్ల అమ్మ పేరు పెట్టమంటున్నది మేడమ్. ఆ పేరేమో సాలి."

మీరు నవ్వుతున్నారు. నవ్వుతారనే చెప్పాం. దేవరకొండ తాండాలో సాలి అంటే ఎవరూ నవ్వరు, అది నలుగురిలాంటి పేరే. ఆ పేరున్న అవ్వ నాట్లేసింది, ఇల్లు నిలబెట్టింది. అదే పేరు సాగర్ రోడ్డు ఎక్కి బడంగ్‌పేట్ వచ్చేసరికి మరదలు అవుతుంది, తిట్టు కూడా అవుతుంది. మన గల్లీలో తెలుగు ఉంది. రెండు అడుగులు వేస్తే బాలాపూర్ వైపు దక్కనీ ఉంది. అపార్ట్‌మెంట్లలో కోస్తా తెలుగు ఉంది, బడిలో ఇంగ్లీషు ఉంది. ఇంట్లో గోర్ బోలి. ఒక బిడ్డ పేరు రోజుకు ఇన్ని భాషల చెవుల్లో పడుతుంది. తాండాలో మన పెద్దలకు ఈ చిక్కు లేదు.

ఇలాంటివి మన దగ్గర ఇంకా ఉన్నాయి. మోతీ అంటే ముత్యం. ఇంగ్లీషులో రాస్తే త, ట తేడా పోతుంది. చదివేవాడు 'మోటీ' అని చదివితే హిందీలో లావుపాటిది అని అర్థం. ఎనిమిదో తరగతి ఆడపిల్లకు ఇంతకంటే పెద్ద శిక్ష లేదు. కమ్లి మన తాండాల్లో ఇంటికొకరు ఉండేవారు. 2006లో నందితా దాస్ లంబాడీ తల్లిగా నటించిన తెలుగు సినిమా పేరు కూడా 'కమ్లి'యే. పంజాబీలో కమ్లీ అంటే పిచ్చిది. హిందీ సినిమా పాట పుణ్యమా అని ఆ అర్థం మన పిల్లలకూ తెలిసిపోయింది.

మంగ్లి సంగతి వేరు. సోమవారం పుట్టినవాడు సోమ్లా, మంగళవారం పుట్టిన పిల్ల మంగ్లి. మన పెద్దలకు పంచాంగం అక్కర్లేదు, వారం గుర్తుంటే చాలు. తెలుగు చెవికి మాత్రం అది 'మంగలి' అని వినిపిస్తుంది. బళ్లో కత్తెర చూపించి ఏడిపించేవాళ్లు. (అసలు క్షౌరం చేసే పని పేరు తిట్టెందుకయిందో ఏడిపించేవాడిని అడగాలి. నెలకోసారి వాడి తల కూడా అక్కడే వంగుతుంది కదా.) తర్వాత ఏమైంది? అనంతపురం జిల్లా తాండా నుంచి సత్యవతి అనే అమ్మాయి వచ్చింది. టీవీ తెర మీదికి మంగ్లిగా ఎక్కింది, ఆ పేరుతోనే రెండు రాష్ట్రాల్లో పాడుతోంది. ఇప్పుడు మా హాస్టల్‌లో ఆ పేరంటే ఎవరూ కత్తెర చూపించరు, పాట పాడమంటారు. పేరులో అక్షరం కూడా మారలేదు. అయితే ప్రతి పేరుకూ ఒక గాయని దొరకదు, బిడ్డ అప్పటిదాకా ఆగలేదు. అందుకే ఇంత మాట్లాడాల్సి వస్తోంది.

చెడ్డ అర్థం ఉన్న పేరు పెట్టడం మన పెద్దలకు తెలియక జరిగిందని కొందరనుకుంటారు. కాదు. తెలంగాణలో పెంటయ్యలు, పెంటమ్మలు ఎంతమంది ఉన్నారో చూడండి. ముందు పుట్టిన పిల్లలు దక్కకపోతే, ఈసారి పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి, మళ్లీ ఎత్తుకుని ఆ పేరు పెట్టేవారు. ఎంగిలి విస్తట్లో దొర్లించి పుల్లయ్య అనేవారు. మన భీక్యా కూడా అలాంటిదేనని తాండా పెద్దలు చెప్తారు, అడుక్కుని తెచ్చుకున్న బిడ్డ అని. చావుకు అసహ్యం పుట్టి బిడ్డను వదిలి వెళ్లాలని కావాలనే పెట్టిన పేర్లు అవి. ఆ పేరు పెట్టినప్పుడు తల్లి ఎంత భయపడి ఉంటుందో ఆలోచించండి. మీ తాత పేరు భీక్యా అని కాలేజీలో దాచుకునే ముందు, ఆయనకు ముందు ఎంతమంది పోయారో ఇంట్లో అడగండి.

పెంట అంటే ఇంకో మాట చెప్పాలి. ఒక చెంచు అమ్మాయి మా హాస్టల్‌కు వచ్చిన కొత్తలో, "సెలవులకు మా పెంటకు పోతా" అంది. గది మొత్తం ఘొల్లుమంది. నల్లమలలో చెంచుల ఊరిని పెంట అంటారు. అప్పాపూర్ పెంట, భౌరాపూర్ పెంట, అన్నీ ఊళ్లే. ఆ ఆదివారం ఆ పిల్లను బోర్డు దగ్గర నిలబెట్టి వాళ్ల పెంట బొమ్మ గీయించాం. ఇళ్లెక్కడ, నీళ్లెక్కడ, తేనెకు ఏ కొండకు పోతారు అని అడిగాం. గంటసేపు చెప్పింది. నవ్విన పిల్లలే చివర్లో, "మమ్మల్ని తీసుకుపోతవా?" అని అడిగారు.

ఈ బాధలన్నీ ఎందుకని మన యువకులు ఫోన్‌లో వెతికి కొత్త పేర్లు పెడుతున్నారు. మంచిదే. కానీ అక్కడ రాసిన అర్థాలు సగం ఎవరో కల్పించినవి. సంస్కృత నిఘంటువు పట్టుకుని వెతికినా దొరకవు. ఇంకో సంగతి. రక్షిత్, దీక్షిత్, మోక్షిత్ అని పెడతారు. రేపు ఆ పిల్లవాడు పైచదువులకు అమెరికా పోతే, అక్కడివాళ్ల కన్ను చివరి నాలుగు ఇంగ్లీషు అక్షరాల మీద పడుతుంది. ఎస్, హెచ్, ఐ, టీ. మనవాళ్లు చివర ఇంకో 'హెచ్' తగిలించి రాస్తారు కాబట్టి కొంత నయం. సోమ్లాను వద్దనుకుని పరుగెత్తినవాడు అక్కడికి చేరాడు! ఏ భాషలోనూ ఎవరూ నవ్వని పేరు కావాలంటే బిడ్డకు నంబరు పెట్టాలి.

మనకే కాదు ఈ చిక్కు. అస్సాంలో చుటియా అనే జాతి ఉంది. ఒకప్పుడు ఎగువ అస్సాంలో రాజ్యమేలినవాళ్లు. ఆ మాట హైదరాబాద్ వీధుల్లో ఎలా వాడతారో మీకు చెప్పక్కర్లేదు. 2012లో ఆ ఇంటి పేరున్నవాళ్ల ఖాతాలను ఫేస్‌బుక్ బూతు పేర్లనుకుని ఆపేసింది. 2020 జూలైలో ఒక అమ్మాయి జాతీయ విత్తన సంస్థలో ఉద్యోగానికి ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెడితే, సరైన పేరు రాయమని ఆ వెబ్‌సైట్ తిరగ్గొట్టింది. ఆమె ఊరుకోలేదు, నలుగురికీ తెలిసేలా చెప్పింది. తర్వాత సరిచేశారు. ఆమె తన పేరు మార్చుకోలేదు, వాళ్లే తమ కంప్యూటర్‌ను మార్చుకున్నారు.

మన ఇంటి పేర్లలోనూ ఒకటుంది, హైదరాబాద్ హిందీలో సభలో పలకలేని మాటకు దగ్గరగా ఉంటుంది. ఆ ఇంటివాళ్లు ఇక్కడ కూర్చున్నారు, వాళ్లకు తెలుసు. వాళ్లకు మేం చెప్పేది ఒక్కటే, ఇంటి పేరు ముట్టుకోవద్దు. తండ్రి కాగితాల మీద ఒకటి, బిడ్డ కాగితాల మీద ఇంకొకటి ఉంటే కుల ధ్రువీకరణ పత్రం దగ్గర చిక్కొస్తుంది. ఆ చిక్కు విప్పుకోవడానికి తహసీల్దార్ ఆఫీసు చుట్టూ తిరిగేసరికి సీటు పోతుంది. పిలిచే పేరు విషయం వేరు, అది మీ చేతిలో ఉంది.

సాలి అని అడిగిన అమ్మాయికి చెప్పింది కూడా అదే. వాళ్లు కాగితం మీద శాలిని అని రాయించారు, ఇంట్లో సాలి అనే పిలుస్తారు. "కాగితం మీద మీ ఇష్టం, నా నోట్లో మాత్రం మా యాడి పేరే" అని వాళ్ల అత్తమ్మ అన్నదట. అలా ఒప్పుకునే అత్తమ్మ దొరకడం కూడా అదృష్టమే.

మరి తొందరెంత? జననాన్ని 21 రోజుల్లోపు నమోదు చేయించాలి, అది ఆపొద్దు. పేరు గడి మాత్రం ఖాళీగా ఉంచొచ్చు. 12 నెలల్లోపు రుసుము లేకుండా పేరు రాయించుకోవచ్చు. ఆ తర్వాత 15 ఏళ్ల దాకా ఆలస్య రుసుము కట్టి రాయించొచ్చు, కానీ అంతదాకా ఆగకండి. 2023 అక్టోబర్ 1 నుంచి పుట్టిన పిల్లలకు బడి అడ్మిషన్ నుంచి ఓటు దాకా జనన ధ్రువపత్రమే ఆధారమని కొత్త చట్టం. ఆధార్‌లో పేరు మార్చుకునే అవకాశం జీవితంలో రెండుసార్లే. పెద్దయ్యాక పేరు మార్చుకోవాలంటే అఫిడవిట్, పేపర్ ప్రకటన, గెజిట్, చంచల్‌గూడ ప్రభుత్వ ముద్రణాలయం చుట్టూ తిరగడం. కాబట్టి ఆ ఏడాదిని వాడుకోండి. అనుకున్న పేరును గల్లీలోకి గట్టిగా పిలిచి చూడండి. పక్కింటి దక్కనీ అక్కను అడగండి. ఇంగ్లీషులో రాసి, తెలియనివాళ్లతో చదివించండి. నాయనమ్మను అడగడం మరిచిపోకండి.

పదో తరగతి మెమోలో, ఆధార్‌లో పేరు వేర్వేరుగా ఉన్న పిల్లలు ఇక్కడే ముప్ఫై మందైనా ఉంటారు. భోజనాలయ్యాక ఆ కాగితాల జిరాక్సులు తీసుకుని వెనక బల్ల దగ్గరికి రండి. సాయంత్రం దాకా అక్కడే ఉంటాం.