బీఎంఎక్స్ ఫ్రేమ్: అర అంగుళం తేడా ఏం చేస్తుంది?

ఈమధ్య చాలామంది అడుగుతున్న ప్రశ్న ఒకటే: "అన్నా, నాకు మాన్యువల్ రావట్లేదు, ఫ్రేమ్ మార్చాలా?" మాన్యువల్ అంటే తెలుసుగా, పెడల్ తొక్కకుండా ముందు చక్రం లేపి వెనక చక్రం మీదే వెళ్లడం. ఫ్రేమ్ అంటే ఇంట్లో అడిగి తెచ్చే డబ్బు. కాబట్టి ముందు లెక్క చూద్దాం.

బీఎంఎక్స్ మీద మనం దాదాపు కూర్చోం, నిలబడే నడుపుతాం. అందుకే సీటు కొలతలు పక్కన పెట్టేయండి. మూడు చాలు.

మొదటిది చైన్‌స్టే. పెడళ్లు తిరిగే ఇరుసు నుంచి వెనక చక్రం ఇరుసు దాకా ఉండే దూరం. స్ట్రీట్ ఫ్రేముల్లో ఇది 13 అంగుళాల చుట్టుపక్కల ఉంటుంది. ఇది తగ్గితే మన బరువు వెనక చక్రానికి దగ్గరవుతుంది, ముందు చక్రం తేలిగ్గా లేస్తుంది. కానీ అంతే తేలిగ్గా వెనక్కి పడతాం కూడా! రేసింగ్ ఫ్రేముల్లో ఇది ఎక్కువ పెడతారు. గేటు దగ్గర గట్టిగా తొక్కినప్పుడు ముందు చక్రం లేవకూడదు కదా.

రెండోది హెడ్ యాంగిల్. 20 అంగుళాల చక్రం, 32 మి.మీ. ఫోర్క్ ఆఫ్‌సెట్ అనుకుని నేను లెక్క వేశా. 74 డిగ్రీల దగ్గర ట్రెయిల్ సుమారు 40 మి.మీ., 75.5 దగ్గర 33. ట్రెయిల్ అంటే హ్యాండిల్ తిరిగే గీత నేలని తాకే చోటుకీ, టైరు తాకే చోటుకీ మధ్య దూరం. అది తగ్గితే హ్యాండిల్ చురుగ్గా తిరుగుతుంది, స్పిన్స్‌కి బాగుంటుంది. స్పీడులో మాత్రం కాస్త బెరుకుగా అనిపిస్తుంది.

మూడోది టాప్ ట్యూబ్, అంటే మీకు దొరికే చోటు. మామూలు ఎత్తు ఉన్నవాళ్లకి 20.5 నుంచి 21 అంగుళాలు. చిన్నదైతే మోకాళ్లు హ్యాండిల్‌కి తగులుతాయి.

ఇప్పుడు అసలు విషయం. వెనక చక్రం బిగించే గాడిలో ముందుకి జరిపే చోటు ఉందేమో చూడండి. చైన్‌లో ఒక హాఫ్ లింక్ తగ్గిస్తే చక్రం పావు అంగుళం ముందుకొస్తుంది. టైరు ఫ్రేముకి రాసుకోకుండా చూసుకోండి, బ్రేక్ ఉంటే మళ్లీ సర్దండి. అలా రెండు వారాలు ప్రాక్టీస్ చేయండి. తేడా నచ్చితే అప్పుడు పొట్టి చైన్‌స్టే ఫ్రేమ్ గురించి ఆలోచించండి. నచ్చకపోతే డబ్బు మిగిలినట్టే. హెల్మెట్ మాత్రం మర్చిపోకండి. ఉంటా మరి.