విద్యానిధులకు చట్టబద్ధమైన కనీస వాటా కావాలి
(ఉపాధ్యాయ, కార్మిక సంఘాల సదస్సులో ప్రసంగ పాఠం)



జాతీయాదాయంలో 6 శాతం విద్యకు వెచ్చించాలని కొఠారీ కమిషన్ 1966లో సిఫారసు చేసింది. 1968, 1986, 2020 విద్యా విధానాలు మూడూ ఆ మాటనే వల్లించాయి. కాని విధానపత్రం చట్టం కాదు; బడ్జెటు వేళ దానిని పక్కన పెట్టినా అడిగే నాథుడు లేడు.

2009 నాటి విద్యాహక్కు చట్టం ప్రాథమిక పాఠశాలలో 30 మంది పిల్లలకు ఒక ఉపాధ్యాయుడుండాలనీ, ఖాళీలు మంజూరైన పోస్టులలో 10 శాతం మించరాదనీ నిర్దేశించింది. అందుకు కావలసిన నిధులు మాత్రం కేంద్ర, రాష్ట్రాల ఉమ్మడి బాధ్యత అని 7వ సెక్షనులో చెప్పి, కనీస వాటా ఎంతో చెప్పకుండా విడిచిపెట్టింది. ఉమ్మడి గొర్రె పుచ్చి చచ్చిందన్న సామెత ఇక్కడ అక్షరాలా వర్తిస్తుంది.

బ్రెజిల్ 1988 రాజ్యాంగంలోని 212వ అధికరణం పన్నుల రాబడిలో కేంద్రం 18 శాతం, రాష్ట్రాలు, పురపాలికలు 25 శాతం తగ్గకుండా విద్యకు వెచ్చించి తీరాలని శాసించింది. అక్కడ సాధ్యమైనది ఇక్కడ అసాధ్యమా?

ప్రతి రాష్ట్ర శాసనసభ ప్రభుత్వ పాఠశాలల కనీస వాటాను చట్టం ద్వారా నిర్ణయించాలి. వాటా తగ్గినచో ప్రభుత్వం సభకు సంజాయిషీ చెప్పాలి. మన బిడ్డలు చదివేది ఆ బడులలోనే. కనుక ఇది ఉపాధ్యాయుల కోర్కె మాత్రమే కాదు. వేతన పోరాటమంత ముఖ్యమైన కార్మికవర్గ డిమాండు.