పాత కారును పందెపు బాటకు సిద్ధము చేయుట

(సంఘ యువజన సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



కందులు, పెసలు తూచుకొని బ్రతుకు మేము మోటారు కార్లను గూర్చి మాట్లాడుటకు నిలుచుండుట చూచి వెనుక వరుసలో కొందరు నవ్వుకొనుచున్నారు. నవ్వవలసినదే. మేము చదివినది మెట్రిక్కు వరకే. యంత్రశాస్త్రము మాకు రాదు. అయినను గడచిన రెండేండ్లలో మా యింట జరిగిన వ్యవహారము వలన కొన్ని సంగతులు చేతికి మసి యంటించుకొని తెలిసికొంటిమి. అవి మన పిల్లల ప్రాణములకు సంబంధించినవి గనుక నలుగురిలో చెప్పవలెనని తలచితిమి.

రెండేండ్ల క్రిందట ఒక రాత్రి మా మేనల్లుడు స్నేహితులతో పందెము వేసికొని హుమ్నాబాదు రోడ్డున కారు తోలెను. చీకటిలో ఒక గేదె అడ్డము వచ్చెను. దానిని తప్పింపబోగా కారు పొలములోనికి పోయి పల్టీ కొట్టెను. పిల్లవానికి కంటె ఎముక విరిగెను. గేదె వెంట నడచుచున్న ముసలివానికి ఏమియు కాకపోవుట మా పెద్దల పుణ్యము. పబ్లికు రోడ్డుపై పందెము తోలినవారికి మోటారు వాహనముల చట్టము 189వ సెక్షను క్రింద మూడు నెలల వరకు జైలు గాని, ఐదువేల రూపాయల వరకు జరిమానా గాని విధింపవచ్చును. రెండవ తప్పునకు ఏడాది వరకు జైలు. కాని ఆ ముసలివాడు పోయియుండినచో ఏ జరిమానా చెల్లించి మేము ఆ యింటి ముందు నిలుచుండగలము?

చేయి మెడకు కట్టుకొని పడియున్నప్పుడు పిల్లవాడు మమ్ము ఒక ప్రశ్న అడిగెను. “మామా, జోరుగ తోలుడు తప్పంటవు, ఒప్పుకుంట. మరి తోలదగ్గ చోటేదో నువ్వే చూపియ్యి.” మాకు జవాబు తోచలేదు. మా అమ్మగారు మాత్రము కార్ల మాట ఈ యింట ఎత్తవద్దని శాసించిరి.

ఇంతలో వాని కన్ను మా పాత కొట్టములోని కారుపై పడెను. అది మా నాయనగారి ప్రీమియరు పద్మిని. ఫియటు 1100 నమూనాకే 1974లో ఆ పేరు పెట్టిరి. మాది ఆ మొదటి సంవత్సరపు బండి. 1089 సీసీల ఇంజను, స్టీరింగు ప్రక్కనుండి వేయు గేరు, నాలుగు చక్రములకును డ్రమ్ము బ్రేకులు. నాయనగారు దానిలోనే హైదరాబాదు పోయి వచ్చెడివారు. మా చెల్లెలి అప్పగింతలు కూడ దానిలోనే జరిగినవి. ఆయన పోయిన పిమ్మట పదునాలుగేండ్లు అది కొట్టములో కోళ్లకు నీడయైనది. దాని వెనుక సీటు తీసివేసి, కప్పు క్రింద ఇనుప గొట్టముల పంజరము అతికించి, వేరే ఇంజను వేసి పందెపు కారు చేయుదమని పిల్లవాని యోచన.

ఆ యేడు పప్పుల బేరమునకై మేము కోయంబత్తూరు పోవలసివచ్చెను. వానిని వెంటబెట్టుకొని పోతిమి. అచ్చట చూచినది కొంచెము వివరముగా చెప్పవలెను, ఏలననగా అది మనవంటివారి కథయే. ఆ ప్రాంతమున తరతరముల క్రిందట స్థిరపడిన నాయుడు కుటుంబములు అనేకము నేటికిని ఇంట తెలుగే మాట్లాడుదురు. మన తెలుగున కన్నడము, ఉరుదూ కలిసినట్లే వారి తెలుగున అరవము కలిసినది. మొదటి పావుగంట మేము వారి మాటకు, వారు మా మాటకు ముసిముసిగా నవ్వుకొంటిమి. తరువాత బేరము చక్కగనే సాగెను.

ఆ నాయుడులలో జి. డి. నాయుడు గారి పేరు వినని వారుండరు. ఆయన 1920లో ఒకే ఒక బస్సుతో పొల్లాచి, పళని నడుమ తానే తోలుచు వ్యాపారము మొదలిడిరి. 2015లో ఆయన పేర వెలసిన పాత కార్ల ప్రదర్శనశాలను మా పిల్లవాడు పూట పొడుగునను చూచెను. మాకు కాళ్లు నొచ్చినవి. అదే ఊరి లక్ష్మీ మిల్సు కుటుంబమున పుట్టిన కరివర్ధన్ గారు పందెపు కార్లు తోలుటయే గాక స్వయముగా నిర్మించిరి. 1980ల చివర ఆయన మారుతి 800 ఇంజనును ఒంటి సీటు పందెపు కారునకు అమర్చి, అంతవరకు సంపన్నుల వినోదముగా నున్న ఈ క్రీడను మధ్యతరగతి పిల్లలకు అందుబాటులోనికి తెచ్చిరి. ఏ ఊరి మిస్త్రీ యైనను విప్పి బిగింపగల ఇంజను గదా! ఆ కార్లతో ఆరంభించిన కోయంబత్తూరు పిల్లవాడే నారాయణ్ కార్తికేయన్. 2005లో ఫార్ములా వన్ పందెములలో పాల్గొనిన మొదటి భారతీయుడు. కరివర్ధన్ గారు 1995లో విమాన ప్రమాదమున మరణించిరి. చెట్టిపాళయము వద్ద 2003లో నిర్మించిన రెండు కిలోమీటర్లకు పైబడిన పందెపు బాటకు ఆయన పేరు పెట్టిరి.

అంతకు ముందు దక్షిణ దేశమున ఈ పందెములకు పుట్టినిల్లు మద్రాసు నుండి నెల్లూరు పోవు దారిలోని షోలవరము. యుద్ధకాలమున వేసిన విమానముల రన్వేపై 1950ల నుండి ఊళ్లలో తిరుగు ఫియట్లు, హెరాల్డులే పరుగెత్తినవి. 1990లో శ్రీపెరుంబుదూరు దాపున ఇరుంగాట్టుకోట్టైలో అసలైన బాట యేర్పడెను. మనకు దగ్గరయైన హైదరాబాదున 2023 ఫిబ్రవరిలో హుస్సేను సాగరు గట్టున విద్యుత్ కార్ల పందెము జరిగెను గాని, అది ఊరి వీధులను మూసి చేసిన పని. అచ్చట మన పిల్లలు తోలుటకు వీలులేదు.

చెట్టిపాళయములో మేము చూచినది పందెము కాదు, ట్రాకు దినము. రుసుము చెల్లించినవారు తమ తమ బండ్లను కొంత కొంత సేపు తోలుదురు. ఎదురు బండి లేదు, గేదె లేదు. మలుపు మలుపునను జెండాలు పట్టిన మనుష్యులు, ఒక మూల ఆంబులెన్సు. శిరస్త్రాణము లేనివానిని లోనికి రానీయరు. పిల్లవాని ప్రశ్నకు జవాబు మాకు అచ్చట దొరకెను. ఇక మిగిలినది, ఏ బండి?

తిరిగి వచ్చి మా మిస్త్రీ సాబును పిలిపించితిమి. డెబ్బది యేండ్లవాడు, నాయనగారి కాలమునుండి ఆ పద్మిని కడుపున చేయి పెట్టినవాడు. పంజరము మాట విని చాలసేపు ఊరకుండెను. “సేఠ్, కోస్తే మళ్ల అతకదు” అని మాత్రము అనెను.

ఆ మాట మమ్ము ఆలోచింపజేసెను. మన ఊరి బిద్రీ పని తెలియని వారు కొందరు, పాత హుక్కా బుడ్డి దొరకినప్పుడు వెండి మెరయవలెనని నలుపంతయు గీకి తోమివేయుదురు. వెండి వెలుగునదే ఆ నలుపు మీద. కోట మట్టి పట్టించి తెచ్చిన ఆ నలుపు పోయిన పిదప అది తగరపు చెంబుకన్న గొప్పది కాదు. బాగుచేయుట వేరు, మార్చుట వేరు. ఒకే కారునకు రెండును చేయబోయినవాడు రెంటికిని చెడును.

చట్టము కూడ అట్లే యున్నది. తయారీదారు నిర్ణయించిన రూపము నుండి బండిని మార్చి రోడ్డుపై తిప్పరాదని 52వ సెక్షను. సుప్రీము కోర్టు 2019 జనవరిలో దానిని గట్టిగా నొక్కి చెప్పెను. మరొక వంక, ఏబది యేండ్లు దాటి, చట్రము, పై కట్టడము, ఇంజను మార్పు చెందక నిలిచిన బండికి 2021 నిబంధనల ప్రకారము ఇరువది వేల రూపాయల రుసుముతో వింటేజి రిజిస్ట్రేషను దొరకును. అది పదేండ్లు చెల్లును. మా పద్మినికి 2024తో ఏబది నిండినవి. పంజరము వేసిననాడు ఆ యోగ్యత పోవును.

కావున పద్మినిని ఉన్నదున్నట్లు బాగుచేయుటకును, బాటకు మా చెల్లెలి యింట మూలబడిన 1998 నాటి మారుతి 800ను సిద్ధపరచుటకును నిశ్చయించితిమి. పిల్లవాడు మొదట మొగము ముడుచుకొనెను. ముప్పది యేడు అశ్వశక్తుల బండి యేమి పందెపు బండి యని! కరివర్ధన్ గారు ఎంచుకొన్నది ఆ యింజనునే గదా యని జ్ఞాపకము చేసితిమి.

పద్మిని పని త్వరగా చెప్పుదును. పెట్రోలులో సీసము కలుపుట మన దేశమున 2000 సంవత్సరముతో ఆగిపోయినది. ఆ సీసమును నమ్ముకొని చేసిన పాత ఇంజనులలో వాల్వు కూర్చుండు అంచులు అరుగును; వానిని గట్టి లోహపువి వేయించితిమి. ఇప్పటి పెట్రోలులో ఇరువది వంతుల ఎథనాలు కలుపుచున్నారు. అది మన జిల్లా చెరకు రైతునకు మేలే గాని పాత రబ్బరు గొట్టములకు కాదు, అన్నియు మార్పించితిమి. బొంబాయి టాక్సీలలో పద్మినులు 2023 అక్టోబరు వరకు తిరిగినవి గనుక సామానులు కుర్లాలోను, హైదరాబాదు పుత్లీబౌలిలోను ఇంకను దొరకుచున్నవి. మా అమ్మగారు మరల దానిలో కూర్చుండి పాపనాశము గుడికి పోయి వచ్చిరి.

మారుతి పని యిట్లు కాదు. పిల్లవాడు కార్బ్యురేటరు, సైలెన్సరు అని జాబితా వ్రాసికొని వచ్చెను. మిస్త్రీ ఆ కాగితము మడిచి చెవిలో పెట్టుకొని, “బండి ఉరకాల్నంటే ముందు నిలవాలె” అనుచు చక్రము విప్పెను. వేగము రెట్టింపైనచో ఆపవలసిన శక్తి నాలుగింతలగును. గంటకు 50 కిలోమీటర్లలో పోవు బండిని ఆపుటలో పుట్టు వేడికి 100లో పోవు బండి వేడి నాలుగు రెట్లు. ఊరిలో ఆ బ్రేకు గంటకొకసారి గట్టిగా నొక్కుదుము. బాటపై ప్రతి మలుపునకును నొక్కవలెను, చల్లారుటకు తీరిక యుండదు. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొనును. డాట్ 4 అను రకము నూనె క్రొత్తదైనప్పుడు 230 డిగ్రీల వరకు మరుగరాదు. తేమ పీల్చిన పిదప 155కే మరుగవచ్చును. మరిగినచో గొట్టములలో ఆవిరి బుడగలు పుట్టును. ద్రవము నలగదు గాని ఆవిరి నలగును. పెడలు నేలకంటును, బండి ఆగదు.

ఇదంతయు మిస్త్రీ చెప్పగా విన్నాము గాని, నూనె కొనుటలో మేమే మోసపోతిమి. ఒక దుకాణమున సీలు విప్పిన డబ్బా తక్కువ ధరకు వచ్చినదని కొంటిమి. వర్తకులమై యుండి ఆ ధర చూచి అనుమానింపకపోవుట మా తప్పే.

తక్కినవి వరుసగా చేసితిమి. తలుపుల క్రింద, నేల రేకున తుప్పు కోసి క్రొత్త రేకు అతికించిన పిదపనే పంజరము వేసితిమి. తుప్పు రేకునకు అతికిన పంజరము మనిషిని కాపాడదు. దానికి అతుకులేని గొట్టమే వాడవలెను, నీళ్ల పైపు పనికిరాదు. నాలుగు ప్రక్కల పట్టు బెల్టు, మంట లార్పు సాధనము అమర్చితిమి. మలుపులలో ఇంజను నూనె ఒక ప్రక్కకు ఒరిగి పంపునకు అందక బేరింగులు మాడకుండ అడుగు తొట్టెలో అడ్డు రేకులు వేయించితిమి. టైర్లపై అచ్చు బాగుగా నున్నదని పాతవి ఉంచబోతిమి. ప్రక్కన ముద్రించిన నాలుగంకెలలో మొదటి రెండు వారమును, తరువాతి రెండు సంవత్సరమును తెలుపునని అప్పుడే తెలిసినది. అవి పదకొండేండ్లవి, రాయివలె గట్టిపడినవి. తీసి పారవేసితిమి. బ్రేకులకును టైర్లకును అయిన వ్యయము ఇంజనునకు అయిన దానికి రెట్టింపు.

మరొక సంగతి. మార్చిన బండి గనుక లారీ మీదనే తీసికొని పోతిమి. అది సుమారు వేయి కిలోమీటర్ల దారి. సాధారణ ఇన్సూరెన్సు పాలసీ పందెములకును, వేగ పరీక్షలకును వర్తింపదని చిన్న అక్షరములలో వ్రాసియుండును. చదువుకొని పొండు.

ఆనాడు మా మేనల్లుడు మొదటి మూడు చుట్లు నెమ్మదిగా తోలెను. నాలుగవ చుట్టులో పొడవాటి దారి చివర బండి మందగింపక, సరాసరి బాట దాటి ప్రక్కనున్న మట్టిలోనికి పోయెను. ధూళి లేచి ఏమియు కనబడలేదు. ఆ క్షణమున మా గుండె ఏ స్థితిలో నుండెనో ఈ సభలోని తండ్రులకు వేరుగా చెప్పనక్కరలేదు. ధూళి తగ్గిన పిదప వాడు తానే తలుపు తీసికొని దిగెను. జెండా మనుష్యుడు అప్పటికే పరుగెత్తి వచ్చెను. పెడలు నేలకంటినదట. గేరు తగ్గించి, మట్టిలోనికి త్రిప్పి ఆపితినని చెప్పెను. ఏ పొరపాటు హుమ్నాబాదు రోడ్డున ఎముక విరిచినదో, అంతకన్న పెద్దది ఇచ్చట రెండు హెడ్లైట్ల అద్దములతో తీరినది. మిస్త్రీకి ఫోను చేయగా, “డబ్బా సీలున్నదా?” అని ఒక్కటే అడిగెను. మధ్యాహ్నము క్రొత్త డబ్బా కొని నూనె యంతయు మార్పించి, వాడు మరల తోలెను. మేము మాత్రము కూర్చుండలేక నిలుచుండియే చూచితిమి.

అప్పటి నుండి ఆ పిల్లవాడు గాని, ఆనాడు వానితో పందెము కాచిన నలుగురు గాని రాత్రివేళ రోడ్డునకు పోలేదు. మారుతిని వంతులవారీగా వారందరును తోలుచున్నారు. ఖర్చు అయిదుగురు పంచుకొందురు. లెక్క మా దుకాణపు చిట్టాలోనే వేరు పుటలో నున్నది, ఎవరైనను చూడవచ్చును.

వచ్చే ఆదివారము ఉదయము ఎనిమిది గంటలకు మా కొట్టము ముందు మిస్త్రీ సాబు ఆ బండి నాలుగు చక్రములును విప్పి బ్రేకులు చూపించును. మోటారు ఉన్న ప్రతి యింటినుండి ఒక్కరైనను రండు. మీ బండి టైర్ల మీది ఆ నాలుగంకెలు వ్రాసికొని రండు. టీ మా యింటనే.