శివారు చేనుకు నీరు

(శతవార్షికోత్సవ కూటములలో చేసిన ప్రసంగ పాఠము)



అనుదిన క్రైస్తవ జీవితములో దీనత్వము, ప్రేమ, విధేయత అను మూడు మాటలను గూర్చి మాట్లాడుమని పెద్దలు మమ్మును కోరినారు. ఇవి మనకు క్రొత్త మాటలు కావు. ఆదివారపు బడి పిల్లవానిని లేపి అడిగినా, ఫిలిప్పీ పత్రిక రెండవ అధ్యాయము చూడమని చెప్పగలడు. అందుచేతనే ఈ అంశము కష్టమైనది. తెలియని సంగతి చెప్పుట సులువు. తెలిసియు చేయని సంగతి చెప్పవలసి వచ్చినప్పుడు నోరు పెగలదు. కాబట్టి మేము వేదాంతము జోలికి పోక, మన కోనసీమలో మనము రోజూ తొక్కే చేను గట్టు మీద నిలబడి నాలుగు మాటలు చెప్పుదుము.

గౌతమికి వసిష్ఠకు నడుమ నున్న ఈ నేల, నదిని ప్రక్కన పెట్టుకొనియు ఒకప్పుడు నీటికి అంగలార్చినది. ధవళేశ్వరము ఆనకట్ట పని 1847లో మొదలై 1852లో ముగిసినది. పని ముగిసిన తరువాత కాటన్ దొరగారు తన క్రింద పనిచేసిన వీణం వీరన్నగారి సేవను గూర్చి ప్రభుత్వమునకు ప్రత్యేకముగా వ్రాసినారు. పెద్ద పని చేసినవాడు ఆ పేరు తన క్రిందివానికి పంచియిచ్చుట మన ఆఫీసులలో ఎంత అరుదో మీకు తెలియును. నేడు బొబ్బర్లంక వద్ద బయలుదేరిన నీరు లొల్ల లాకుల దగ్గర పాయలై, ఒక పాయ అమలాపురము వైపు, ఒక పాయ గన్నవరము వైపు పోవుచున్నది. గన్నవరము దగ్గర అక్విడక్టు మీదుగా వైనతేయను దాటి రాజోలు చేలకు చేరుచున్నది. ఏటి మీద ఏరు పోవుట చూచుటకు చిన్ననాడు మేము నడిచి వెళ్ళినాము. అయితే ఎంత పెద్ద ఇంజనీరు కట్టించినా, ఆఖరి బోదె దగ్గర నీటికి ఒకటే ధర్మము. పై చేనువాడు వదలితేనే క్రింది చేనుకు నీరు.

ఆ ఆనకట్టకు ముందే సువార్త ఈ డెల్టాకు వచ్చినది. గ్రోవ్స్ దొరగారితో 1836లో ఓడ మీద వచ్చిన బౌడెన్, బీర్ అను ఇరువురు, నరసాపురము, పాలకొల్లు ప్రాంతములలో నిలిచి పనిచేసినారు. వారిది వేరొక సహవాసము, మన మండలమువారు కారు. అయినను వారి వృత్తులు మనము గుర్తుంచుకొనదగినవి. ఒకరు రాతి పనివారు, మరొకరు చెప్పులు కుట్టేవారు. చెప్పులు కుట్టేవారిని ఆనాటి మన ఊళ్ళలో ఏ అరుగు మీద కూర్చుండనిచ్చేవారో చెప్పనక్కరలేదు. దేవుడు ఈ నేలకు తన వార్తను అటువంటి చేతులతో పంపినాడు.

ఆ వార్త విన్న మన తాతలు పాలేర్లు, కూలీలు. మిషను బడులు వచ్చినవి. మా తండ్రిగారు అక్షరము నేర్చినారు, మేము బడిపంతులమైతిమి, జీతములో మిగిల్చి రెండెకరములు కొన్నాము. ఇది దేవుని కృప. కాని కొన్న మరునాటినుండి మా నడకలో ఏదో మారినది. మునుపు చేనుకు కూలికి వెళ్ళినప్పుడు పై చేను ఆసామి నీళ్ళు ఆపితే ఎంత తిట్టుకొన్నామో మరచితిమి. ఇప్పుడు పై చేను మాది.

ఒక దాళ్వాలో నీరు తక్కువైనది. వంతులు పెట్టినారు. మా వంతు సాయంత్రముతో ముగియును. రాత్రికి క్రింది చేనుకు వదలవలెను. ఆ చేను కౌలుకు చేయుచున్నది మన సంఘములోని ఒక విధవరాలు. వరి పొట్ట మీద ఉన్నది. మేము చీకటిలో వెళ్ళి బోదెకు అడ్డముగా మట్టి వేసి, మా చేనుకే మళ్ళించుకొన్నాము. ఒక్క రాత్రి కాదు, మూడు వంతులు. లస్కరు చూచినాడు గాని, పంతులుగారు గదా అని ఊరుకున్నాడు. ఆమె చేను బీటలిచ్చినది. ఆమెకు సంగతి తెలియును. అయినను ఆదివారము గుడి మెట్ల మీద ఎప్పటివలెనే, వందనాలండి మేష్టారూ, అన్నది. ఆమె తగవుకు వచ్చియుంటే మాకు తేలికగా ఉండెడిది. తగవులో గెలుచుట మాకు తెలియును.

అవి శ్రమకాలపు దినములు. గృహ కూటము మా ఇంట పెట్టినారు. ఆమెయు వచ్చి, వెలుపలి అరుగు మీద కూర్చున్నది. లోపల బెంచీలు ఖాళీగా ఉన్నవి. ఎవరును రమ్మనలేదు, మేమును అనలేదు. ఆనాటి పాఠము రాజుల రెండవ గ్రంథము అయిదవ అధ్యాయము. చదువవలసినది మేమే. సిరియా సేనాధిపతి నయమానుకు తన దేశపు నదుల మీద ఎంత అతిశయమో, యొర్దాను అంటే ఎంత చులకనో మీకు తెలిసినదే. పెద్ద కార్యము చెప్పియుంటే చేసెడివాడు. చిన్న పని గనుక కోపము వచ్చినది. చివరకు అతని మనస్సు త్రిప్పినది ప్రవక్త కాదు, అతని పనివాండ్రు. మేము చదువుచుండగా అరుగు వైపు కన్ను పోయినది. ఆ తరువాతి వాక్యములు ఎట్లు చదివితిమో గుర్తులేదు.

అందరును వెళ్ళిన తరువాత మా ఇంటివారు కంచము పెట్టుచు, “ఆ కాలువ మనం తవ్వించామా?” అని అడిగినారు. వేరేమియు అనలేదు. ఆ రాత్రే లాంతరు, పార తీసుకొని పోయి అడ్డము తీసినాము. పది నిమిషముల పని.

అంతటితో అయిపోయినదని తలంచితిమి. మన అజరయ్య గారిని గూర్చి ఆ వారమే మరల చదువుట తటస్థించినది. 1912లో ఆంగ్లికన్ సంఘములో మొదటి భారతీయ బిషప్పు అయినవారు. అంతకు రెండేండ్ల ముందు, 1910లో ఎడిన్‌బరో మహాసభలో, దొరలందరి ఎదుట నిలువబడి, మీరు మాకు ధనమిచ్చినారు, ప్రాణములు కూడ ఇచ్చినారు, మాకు స్నేహితులను కూడ ఇయ్యుడని అర్థము వచ్చునట్లు అడిగినారు. దొరలు మన వారిని ఇంటిలోనికి రానిచ్చి సమానముగా కూర్చుండనియ్యలేదని దాని భావము. ఆ మాట చదివి ఇన్నాళ్ళు మేము దొరలను తప్పుపట్టినాము.

రెండవ నాడు ఆమె ఇంటికి పోయినాము. పదునైదేండ్లుగా ఒకే బల్లయొద్ద సంస్కారము పుచ్చుకొనుచున్నాము గాని, ఆ గడప తొక్కినది లేదు. వాకిట నిలబడియే తప్పు ఒప్పుకొని, నష్టమునకు నాలుగు బస్తాల ధాన్యము ఇత్తుమని చెప్పి తిరిగి రావలెనని అనుకొన్నాము. మేము నోరు తెరువకముందే, “ఆయ్, నీళ్ళ సంగతి తరవాత చూద్దాం లెండి మేష్టారూ, ముందు లోపలికొచ్చి కూచోండి,” అన్నది. వంగితేనే గాని పట్టని గుమ్మము. లోపల ఒకటే పీట. అది మాకు వేసి ఆమె నేల మీద కూర్చుండబోయినది. మేమును నేల మీదనే కూర్చున్నాము. తప్పు చెప్పుకొన్నాము. ఆమె కొంతసేపు మాట్లాడలేదు. తరువాత, “కోపం రాలేదని అబద్ధం ఆడనండి. మూడు రాత్రులు నిద్ర లేదు,” అన్నది. ధాన్యము మాట ఎత్తితే, వద్దని బింకము చేయలేదు. “కౌలు కట్టాలి కదండీ, పుచ్చుకుంటాను,” అన్నది. ఇచ్చుటలో మాకు లేని దీనత్వము పుచ్చుకొనుటలో ఆమెకు ఉన్నది.

ఆ పంటలో ఆమెకు సగము తాలే దిగినది. ఆలస్యముగా పారిన నీరు ఎండిన కంకిని తిరిగి నింపదు.

మరుసటి యేట శ్రమకాలపు కూటము ఆమె ఇంట పెట్టినారు. గదిలో చోటు స్త్రీలకే సరిపోయినది. మేము వాకిట కొబ్బరాకుల చాప మీద కూర్చుండి, ఆమె మనుమరాలు దీపము దగ్గర పాఠము చదువుచుండగా విన్నాము.